కాదన్న సెనేటరు

అమెరికాలో అరిజోనా అని ఒక ఎడారి రాష్ట్రం ఉంది. దాని ముఖ్యపట్టణం ఫీనిక్సు. మా అమ్మాయి కాపురం అక్కడే. అమ్మాయీ, అల్లుడూ ఇద్దరూ కంప్యూటరు ఉద్యోగస్థులు. ఇప్పుడు ఆ ఊరి చుట్టుపట్ల మన తెలుగువాళ్ళ ఇళ్ళకు కొదవ లేదు. సంక్రాంతి వస్తే వాకిళ్ళలో ముగ్గులు కూడా పడుతున్నాయి.

మొదటిసారి వాళ్ళను చూడబోయినప్పుడు విమానం దిగి, సామాను కోసం నిలబడ్డాను. తీరిక చిక్కిన ముసలివాడు చేసే పనే నేనూ చేశాను: గోడలమీది అక్షరాలన్నీ చదవటం. ఆ విమానాశ్రయంలో నాలుగో టెర్మినలుకు బారీ గోల్డ్‌వాటర్ అనే ఆయన పేరు పెట్టారు.

"ఎవరు బాబూ ఈయన?" అని అల్లుణ్ణి అడిగాను.

"ఎవరో పాతకాలపు సెనేటరట మామయ్యగారూ. నాకూ అంతకుమించి తెలియదు" అన్నాడు.

నేను ముప్ఫయ్యేళ్ళు హైస్కూలులో చరిత్ర చెప్పినవాణ్ణి. తెలియదన్న మాట చెవిని పడితే నిద్రపట్టదు. పగలంతా వాళ్ళు ఉద్యోగాలకు పోతే, నాకు ఆ ఊరి గ్రంథాలయమే గతి. రెండు నెలలు ఆ మనిషిని గురించి చదివాను. చదివినకొద్దీ గౌరవం పెరిగింది. ఒక్కచోట మాత్రం మనస్సులో ముడి పడింది. ఆ ముడి సంగతి పాఠకులతో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

దుకాణదారుడి కొడుకు

గోల్డ్‌వాటర్ 1909లో ఫీనిక్సులో పుట్టారు. అప్పటికి అరిజోనా ఇంకా రాష్ట్రం కాలేదు, 1912లో అయింది. తాతగారు పోలండు నుంచి వలసవచ్చిన యూదుడు. గనుల కోసం వెలిసిన ఊళ్ళలో అంగళ్ళు పెట్టి పైకి వచ్చారు. తండ్రి ఫీనిక్సులో పెద్ద బట్టల దుకాణం నడిపారు. తల్లి క్రైస్తవురాలు గనక పిల్లవాడూ క్రైస్తవుడుగానే పెరిగాడు.

చదువు అంతంతమాత్రం. 1929లో తండ్రి పోగానే కాలేజీ మానేసి దుకాణంలో కూర్చున్నారు. బేరం మాత్రం బాగా తెలిసిన మనిషి. మగవాళ్ళ లోదుస్తుల మీద ఎర్రచీమల బొమ్మలు అచ్చువేయించి అమ్మితే, దేశం నలుమూలల నుంచీ గిరాకీ వచ్చిందట!

సరదాలకు లెక్కలేదు. ఫోటోలు తీసేవారు. 1940లో కొలరాడో నది మీద పడవల్లో, గ్రాండ్ కాన్యన్ అనే ఆ మహాలోయ గుండా ప్రయాణం చేసి, దాన్ని సినిమా తీసి ఊరూరా తిరిగి చూపించారు. అరిజోనా జనానికి ఆయన ముఖం మొదట పరిచయమైంది అలాగే. తన రేడియో పెట్టె ముందు కూర్చుని భూమికి ఆవలివైపు మనుషులతో కబుర్లు చెప్పే హామ్ రేడియో పిచ్చి కూడా ఉండేది. తరువాత వియత్నాం యుద్ధకాలంలో ఆ రేడియోతోనే సైనికులను ఇళ్ళలోని వాళ్ళతో మాట్లాడించేవారు.

అన్నిటికంటె పెద్ద పిచ్చి విమానం. రెండో ప్రపంచయుద్ధంలో సరకు విమానాలు నడిపారు. ఆ పనిమీద మన దేశానికి ఎన్నోసార్లు వచ్చారు. ఇక్కడినుంచి హిమాలయాల మీదుగా చైనాకు సామగ్రి చేరవేసే ప్రమాదకరమైన దారి ఒకటుండేది. దాన్ని పైలట్లు 'హంప్' అనేవారు, అంటే మూపురం. ఆ దారిన కూడా ఆయన విమానం నడిపారు.

యుద్ధం ముగిసి ఇంటికి వచ్చాక అరిజోనాకు వైమానిక రక్షకదళం ఏర్పాటుచేశారు. అందులో తెల్లవాళ్ళకు వేరు, నల్లవాళ్ళకు వేరు అనే పద్ధతి మొదటినుంచీ లేకుండా చేశారు. దేశం మొత్తంమీద సైన్యంలో అలాంటి ఉత్తర్వు 1948లో గాని రాలేదు. నల్లజాతివారి హక్కుల కోసం పనిచేసే సంఘంలో ఆయన సభ్యుడు కూడా. పాఠకులు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోవాలి. ముందు దీనితో పని ఉంది.

ఆయన సిద్ధాంతం

1949లో నగరసభకు ఎన్నికైనారు. 1952లో ఏకంగా సెనేటుకు పోటీ చేశారు. సెనేటు మన రాజ్యసభ వంటిదే గాని దానికన్న బలమైనది. రాష్ట్రం చిన్నదైనా పెద్దదైనా ఇద్దరే సభ్యులు. ఎదుటి అభ్యర్థి సామాన్యుడు కాదు. సెనేటులో డెమోక్రాట్లకు నాయకుడైన మెక్‌ఫార్లండ్. అంతటివాణ్ణి ఈ దుకాణదారుడు ఏడువేలలోపు వోట్ల తేడాతో ఓడించాడు.

ఆయనను 'కన్సర్వేటివ్' అన్నారు. మనవాళ్ళు మితవాది అంటారు. ఛాందసుడు అనుకుంటే మాత్రం పొరపాటు. ఆయన సిద్ధాంతం ఒక్కటే: ప్రభుత్వం ఎంత తక్కువగా కలుగజేసుకుంటే మనిషి అంత స్వేచ్ఛగా ఉంటాడు. రాజ్యాంగం ఢిల్లీకి, అనగా వాళ్ళ వాషింగ్టనుకు, ఏ అధికారాలు ఇచ్చిందో అవే దానివి. మిగిలినవి రాష్ట్రాలవి, మనుషులవి.

ఈ ఒక్క గజంబద్దతోనే అన్నీ కొలిచేవారు. ఎక్కువ సంపాదించినవాడి మీద ఎక్కువ రేటున ఆదాయపు పన్ను వేయటం అన్యాయం అన్నారు. రైతులకు సర్కారు ఇచ్చే సబ్సిడీలు ఎత్తివేయమన్నారు. యూనియనులో చేరితేగాని ఉద్యోగం లేదనే ఒప్పందాలు కూడదన్నారు. వృద్ధులకు పింఛనిచ్చే సోషల్ సెక్యూరిటీ పథకం ఇష్టమైనవాళ్ళకే ఉండాలన్నారు. తన పార్టీవాడే అయిన ప్రెసిడెంటు ఐసెన్‌హోవర్ బడ్జెటు పెంచితే ఆయననూ వదలలేదు. ఒక్క సైన్యం విషయంలో మాత్రం ఖర్చుకు వెరవలేదు. కమ్యూనిజాన్ని ఓడించటమే ధ్యేయమనేవారు. 1954లో, కనబడ్డవారినల్లా కమ్యూనిస్టన్న సెనేటరు మెకార్తీని సెనేటు అభిశంసించినప్పుడు, వద్దన్న 22 మందిలో ఈయన ఒకరు.

1960లో ఈ భావాలన్నీ 'ది కాన్షెన్స్ ఆఫ్ ఎ కన్సర్వేటివ్' అనే చిన్న పుస్తకంగా వచ్చినవి. పేరు ఆయనదైనా రాసినవాడు బ్రెంట్ బోజెల్. లక్షల ప్రతులు అమ్ముడైనవి. కాలేజీ కుర్రాళ్ళు జేబుల్లో పెట్టుకు తిరిగారట.

ఇక్కడ ఒక చమత్కారం చెప్పాలి. వాషింగ్టను సొమ్మే లేకపోతే ఆయన సొంత ఊరే లేదు. ఆ ఎడారిలో సేద్యం సాగించింది 1911లో కేంద్రం కట్టిన రూజ్‌వెల్ట్ ఆనకట్ట. కొలరాడో నదినుంచి 336 మైళ్ళ కాలువ తవ్వే పథకానికి 1968లో కేంద్రమే ఆమోదం ఇచ్చింది. ఆ కాలువ కావాలని గట్టిగా అడిగినవారిలో మన గోల్డ్‌వాటర్ కూడా ఉన్నారు! దాహం ముందు సిద్ధాంతం కొంచెం పక్కకు జరిగింది కాబోలు.

1964 జూన్

ఇక ముడి దగ్గరకు వద్దాం.

అప్పటి అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లవాడు హోటలుకు పోతే అన్నం పెట్టేవారు కాదు. లాడ్జీలో గది ఇచ్చేవారు కాదు. ఇదంతా రద్దుచేస్తూ ప్రెసిడెంటు కెన్నెడీ 1963లో పౌరహక్కుల బిల్లు పెట్టారు. ఆ నవంబరులో ఆయన హత్య జరిగింది. కెన్నెడీ, గోల్డ్‌వాటర్ మంచి స్నేహితులు. 1964 ఎన్నికల్లో ఎదురెదురుగా నిలబడితే ఊరూరా కలిసి తిరిగి వాదించుకుందామని కూడా అనుకున్నారు. ఆ ముచ్చట తీరలేదు. బిల్లు భారం జాన్సన్ మీద పడింది.

దక్షిణాది సెనేటర్లు రెండు నెలలకు పైగా ఎడతెగని ప్రసంగాలతో బిల్లును ఆపారు. జూన్ 10న, ఇక చర్చ చాలు అనే తీర్మానం వోటుకు వచ్చింది. కాలిఫోర్నియా సెనేటరు క్లెయిర్ ఎంగిల్‌ను చక్రాల కుర్చీలో తీసుకువచ్చారు. మెదడులో కంతి, మాట పడిపోయింది. పేరు పిలిచారు. ఆయన చెయ్యి కూడదీసుకుని ఎత్తి తన కంటిని చూపించారు. ఇంగ్లీషులో 'ఔను' అనే వోటును 'ఐ' అంటారు; కంటినీ 'ఐ' అనే అంటారు. సభ అర్థం చేసుకుంది. తీర్మానం 71–29 వోట్లతో నెగ్గింది. జూలై నెలాఖరున ఎంగిల్ కన్నుమూశారు.

గోల్డ్‌వాటర్ ఆ 29 మందిలో ఉన్నారు. జూన్ 18న సభలో లేచి ఆయన చెప్పినదాని సారాంశం ఇది: నేను వర్ణభేదానికి పూర్తిగా వ్యతిరేకిని; కాని ఈ బిల్లులో రెండు భాగాలు రాజ్యాంగ విరుద్ధం. ఒకటి హోటళ్ళు మొదలైనవాటిని గురించి, రెండోది ఉద్యోగాలను గురించి. ప్రైవేటు మనిషి తన వ్యాపారం ఎవరితో చేయాలో శాసించే అధికారం కేంద్రానికి లేదు. అలా శాసిస్తే పొరుగువాడి మీద పొరుగువాడు నిఘా వేసే రాజ్యం వస్తుంది.

అబద్ధం ఆడే మనిషి కాదు. 1957, 1960 సంవత్సరాల పౌరహక్కుల బిల్లులను బలపరచిన మనిషి. కాని మరునాడు, జూన్ 19న, ఈ బిల్లుకు కాదన్నారు. బిల్లు 73–27తో నెగ్గింది. 33 మంది రిపబ్లికన్లలో 27 మంది ఔనన్నారు. వాళ్ళ నాయకుడు డర్క్‌సన్ కూడా కన్సర్వేటివే. ఆయనే ఇల్లిల్లూ తిరిగినట్టు తిరిగి వోట్లు పోగుచేశారు. కాదన్న ఆరుగురు రిపబ్లికన్లలో ఒకరు గోల్డ్‌వాటర్.

ఇది చదివిననాడు నాకు మా పెదనాన్నగారు జ్ఞాపకం వచ్చారు.

మా ఊళ్ళో ఆయనకు కాఫీహోటలు ఉండేది. లోపల కూర్చున్నవాళ్ళకు ఇత్తడి గ్లాసులు. మాల మాదిగలకు మాత్రం పందిరిగుంజకు తగిలించిన సత్తుగ్లాసులు. వాళ్ళే తీసుకుని, బయట నిలబడి తాగి, వాళ్ళే కడిగి మళ్ళీ తగిలించాలి. పెదనాన్నగారు చెడ్డవాడు కాదు. తుపాను వచ్చినప్పుడు మూడురోజులు ఊరందరికీ వండిపెట్టారు. కులం అడగలేదు. ఎవరైనా గ్లాసుల సంగతి ఎత్తితే, "నాకెవరిమీదా ద్వేషం లేదురా, కాని నా హోటలు, నా యిష్టం" అనేవారు. పదేళ్ళవాణ్ణి, అది నాకు న్యాయంగానే వినిపించింది. నేను లోపల బెంచీమీద కూర్చుని తాగేవాణ్ణి గదా!

మన రాజ్యాంగంలో ఈ సంగతి 1950లోనే రాసుకున్నాం: అంటరానితనం లేదు, హోటలులో ఎవరికీ అడ్డు లేదు అని. 1955లో దానికి శిక్షలు పెడుతూ చట్టం వచ్చింది. మా ఊరికి అది చేరటానికి ఇంకా పదేళ్ళు పట్టింది. ఒకనాడు పోలీసులు వచ్చి కేసు పెడతామన్నారు. ఆ సాయంత్రమే గుంజకున్న గ్లాసులు దిగిపోయాయి. నెలరోజులు పెదనాన్నగారు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తరువాత అలవాటు పడ్డారు.

చట్టం మనస్సులను మార్చలేదని గోల్డ్‌వాటర్‌గారి వాదం. నిజమే, మార్చలేదు. గ్లాసులు మార్చింది. బయట నిలబడి తాగేవాడు అడిగింది అదే. లోపలివాడికి తనమీద ద్వేషం ఉన్నదా, లేక సిద్ధాంతం ఉన్నదా అని అతడు విచారించడు. అతడికి రెండూ ఒకటే గ్లాసు.

రాజ్యాంగం మాటకు వస్తే, ఆ వాదం కూడా ఆరునెలలకే తీరిపోయింది. నల్లవాళ్ళకు గదులివ్వనన్న అట్లాంటా లాడ్జీ యజమాని సుప్రీంకోర్టుకు పోయాడు. 1964 డిసెంబరులో చట్టం చెల్లుతుందని జడ్జీలందరూ ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు.

ఘోరమైన ఓటమి

ఆ జూలైలోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో రిపబ్లికన్ పార్టీ ఆయనను ప్రెసిడెంటు పదవికి అభ్యర్థిగా నిలిపింది. స్వేచ్ఛను కాపాడటంలో తీవ్రవాదం దోషం కాదని ఆయన సభలో అన్నారు. చప్పట్లు మారుమోగాయి. దేశం మాత్రం ఉలిక్కిపడింది.

పాపం, నోరు ఆయనకు శత్రువు. క్రెమ్లిను స్నానాలగదిలో ఒక బాంబు వేస్తే సరి అని ఎప్పుడో హాస్యానికి అన్న మాటను ఎదుటివాళ్ళు వదలలేదు. పూలరేకులు లెక్కపెడుతున్న చిన్నపిల్ల మీద అణుబాంబు పేలినట్టు జాన్సన్ పక్షంవారు ఒక ప్రకటన తయారుచేశారు. ఆయన పేరు అందులో లేదు. ప్రకటనగా వేసింది ఒక్కసారే. అయినా తగలవలసిన చోట తగిలింది. ఒక పత్రిక మనోవైద్యులకు ఉత్తరాలు రాసి, ఈయన పదవికి తగడని 1,189 మంది వైద్యులు అన్నట్టు ప్రకటించింది. ఆయన దావావేసి 75,000 డాలర్లు నష్టపరిహారం గెలిచారు. తాము పరీక్షించని మనిషి మనస్సును గురించి మనోవైద్యులు బహిరంగంగా చెప్పకూడదని 1973లో వాళ్ళ సంఘం నియమం చేసుకుంది. ఇప్పటికీ దాన్ని 'గోల్డ్‌వాటర్ నియమం' అనే అంటారు.

నవంబరులో ఫలితం వచ్చింది. జాన్సనుకు 486 ఎలక్టొరల్ వోట్లు, ఈయనకు 52. ఆరు రాష్ట్రాలే దక్కినవి: ఒకటి సొంత అరిజోనా, మిగిలిన అయిదూ దక్షిణాదివి. అంతకుముందు దాకా డెమోక్రాట్ల కంచుకోటగా ఉన్న మిసిసిపీలో నూటికి 87 వోట్లు ఈయనకే! సేద్యం గురించో, పన్నుల గురించో పడిన వోట్లు కావవి. ఆయన రాజ్యాంగం కోసం కాదన్నారు. వాళ్ళు నల్లవాళ్ళను కాదన్నాడని విన్నారు. మనం ఏ ఉద్దేశంతో అన్నా, మన మాటను ఎవరు భుజాన వేసుకుంటారో అదీ మన లెక్కలోకే వస్తుంది.

ఆ ఎన్నికల చివరివారంలో ఆయన తరపున టెలివిజనులో ప్రసంగించిన సినిమా నటుడు రోనాల్డ్ రీగన్. పదహారేళ్ళ తరువాత అవే భావాలతో ప్రెసిడెంటు అయినాడు.

మరొక సంగతి. అంతటి విజయం వల్లనే జాన్సను పక్షానికి శాసనసభలో తిరుగులేని బలం చిక్కింది. 1965లో వలసల చట్టం మారింది. ఆసియావాళ్ళకు తలుపు తెరుచుకున్నది అప్పుడే. మనవాళ్ళు ఫీనిక్సులో ముగ్గులు వేస్తున్నారంటే దానికి మూలం ఆ చట్టం.

ముసలివయస్సులో

ఇంతటితో ఆయన కథ అయిపోయిందనుకున్నారు. 1968లో మళ్ళీ సెనేటుకు నెగ్గి వచ్చారు, పద్దెనిమిదేళ్ళున్నారు. నా గౌరవం పెరిగింది ఈ భాగం చదివే.

1974 ఆగస్టు 7న, వాటర్‌గేట్ కుంభకోణంలో చిక్కుకున్న నిక్సన్ దగ్గరకు ఇద్దరు సహచరులతో కలిసి వెళ్ళారు. పదవి నిలవాలంటే సెనేటులో 34 వోట్లు కావాలి. ఇరవై కూడా లేవని ముఖంమీదే చెప్పారు. మరునాడే నిక్సన్ రాజీనామా ప్రకటించారు. సొంత పార్టీ ప్రెసిడెంటుకు ఆ మాట చెప్పటానికి ఎవరికైనా నోరు రావాలి గదా!

1975లో, మహాలోయ అడుగున ఉండే హవాసుపాయి గిరిజనులకు 1,85,000 ఎకరాల భూమి తిరిగి ఇప్పించే చట్టానికి పూనుకున్నది ఈయనే. 1981లో రీగన్ మొట్టమొదటిసారి ఒక స్త్రీని, శాండ్రా ఓకానర్‌ను, సుప్రీంకోర్టుకు నియమించినప్పుడు కొందరు మతనాయకులు అడ్డుతగిలారు. గోల్డ్‌వాటర్ మండిపడ్డారు. మతం పేరుతో శాసనసభ్యుణ్ణి బెదిరించటం స్వేచ్ఛకే ముప్పు అన్నారు. 1984లో నికరాగ్వా రేవుల్లో రహస్యంగా మందుపాతరలు పెట్టారని తెలిసి, గూఢచారి శాఖ అధిపతికి నిప్పులు చెరుగుతూ ఉత్తరం రాశారు.

1986లో ఆయన పేరుతోనే గోల్డ్‌వాటర్–నికల్స్ చట్టం వచ్చింది. నేవీ ఒక దారి, ఆర్మీ ఒక దారిగా ఉన్న సైన్యాన్ని ఒక ఆజ్ఞకిందికి తెచ్చింది. శాసనకర్తగా ఆయన కట్టిన పెద్ద కట్టడం ఇదే. మరుసటి జనవరిలో పదవి విరమించారు. 1993లో, స్వలింగ ప్రేమికులను సైన్యంలోకి రానివ్వాలా వద్దా అని దేశం కొట్టుకుంటుంటే, ఈ ఎనభై నాలుగేళ్ళ మేజర్ జనరల్ పత్రికలో వ్యాసం రాసి, గురి సరిగ్గా ఉంటే చాలు, మిగతాది సర్కారుకు అనవసరం అన్నారు. పాత అభిమానులు నిర్ఘాంతపోయారు. ఆయనకు మాత్రం అది పాత సిద్ధాంతమే: మనిషి సంగతిలో సర్కారుకేం పని?

తప్పు ఒప్పుకోవటం కూడా తెలిసిన మనిషి. తాను ప్రేమించిన కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ ఆనకట్టకు వోటువేసినందుకు తరువాత పశ్చాత్తాపపడ్డారు. 1998 మేలో, ఎనభై తొమ్మిదో ఏట కన్నుమూశారు.

ముడి విడిందా?

నేను ఇండియాకు బయలుదేరే ముందు ఆదివారం అమ్మాయీ అల్లుడూ నన్ను ఊరిమధ్య ఒక హోటలుకు తీసుకుపోయారు. నా పంచె, లాల్చీ చూసి వాకిట్లో ఎవరూ ఆపలేదు. వాళ్ళిద్దరి ఉద్యోగాలకు, మేం కూర్చున్న ఆ బల్లకు రక్ష ఏమిటయ్యా అంటే, గోల్డ్‌వాటర్ కాదన్న ఆ రెండు భాగాలే. వర్ణాన్నిబట్టి, పుట్టిన దేశాన్నిబట్టి మనిషిని తోసిపుచ్చకూడదని ఆ చట్టంలో ఉంది. అల్లుడికి ఈ సంగతి చెప్పాను.

"అయితే మంచివాడా, చెడ్డవాడా మామయ్యగారూ?" అన్నాడు.

"మంచివాడే బాబూ. మా పెదనాన్నగారంత మంచివాడు" అన్నాను.

"అయినా పేరు పెట్టారే!"

"పెట్టదగిన పనులు చాలా చేశాడు. నిక్సన్ గడప తొక్కినరోజు ఒక్కటి చాలు. కాని 1964లో ఆయన వోటు లెక్క వేరే రాసుకోవాలి. ఒకదాన్ని చూపి ఒకదాన్ని కొట్టివేయకూడదు."

అమ్మాయి నవ్వి, "నాన్న మళ్ళీ పాఠం మొదలుపెట్టాడు" అంది. ఇంతలో హోటలు పిల్ల మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. నేను అలవాటు చొప్పున చుట్టూ చూశాను. పక్కబల్ల దగ్గర ఒక నల్లజాతి కుటుంబం, ఆ పక్కన ఒక తెల్ల ముసలి దంపతులు. అందరి ముందూ ఒకే రకం గ్లాసులు.